పిల్లికీ పథ్యమే
(రేడియో ప్రసంగ పాఠం)



తెనాలి రామలింగడి పిల్లి కథ తెలియని ఇల్లు మన వైపు ఉండదు. ఎలుకల బాధ పోగొట్టడానికి రాయలవారు ఇంటికో పిల్లినీ, దాన్ని సాకడానికి పాలకోసం ఒక ఆవునీ ఇచ్చారుట. రామలింగడు మొదటిరోజే పొగలు కక్కే పాలు పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తరవాత పాలగిన్నె చూస్తే చాలు, పరుగో పరుగు. పాలన్నీ రామలింగడి ఇంటిల్లిపాదీ తాగారు. ఈ కథ విని మనం నవ్వుకుంటాం. ఆ నవ్వు వెనక ఒక నమ్మకం ఉంది చూశారా? పిల్లన్నాక పాలు తాగవలసిందే, పాలు వద్దనే పిల్లి లోకంలో ఉండదు అని. ఈవేళ నేను మనవి చేయబోయేది ఆ నమ్మకానికి కాస్త ఎదురు మాట.

ఈమధ్య నాకు మూడు ఉత్తరాలు వచ్చాయి. తెనాలి నుంచి ఒకటి, బాపట్ల నుంచి ఒకటి, రేపల్లె నుంచి ఒకటి. చిత్రమేమిటంటే మూడూ ముసలి పిల్లుల తిండి గురించే. 

తెనాలి సోదరి ఇలా రాశారు. వాళ్ళ పిల్లికి పదమూడో ఏడు. నిరుడు షుగరు వచ్చింది. నాలుగు నెలలపాటు పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది వేశారు. ఆ తరవాత షుగరు మామూలుకి వచ్చి, డాక్టరుగారు సూది ఆపించారు. అమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ రక్తపరీక్షలో కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. క్రియాటినిన్ 2.4 ఉందిట. షుగరు వచ్చినప్పుడేమో మాంసం బాగా పెట్టమన్నారు. ఇప్పుడేమో కిడ్నీ కోసం తగ్గించమంటున్నారు. వాళ్ళదా, నీచు ముట్టని ఇల్లు. ఇంట్లో మగవాళ్ళు "పిల్లికి పథ్యమేమిటి, చోద్యం కాకపోతే" అంటున్నారు. అత్తగారికి మాత్రం అది పక్కన పడుకోనిదే నిద్ర పట్టదు. "దాన్ని ఇంకొన్నాళ్ళు బతికించుకోవాలని ఉంది, ఏం పెట్టమంటారు?" అని అడిగారు.

బాపట్ల సోదరి పిల్లికి కూడా అవే రెండు జబ్బులు. షుగరున్నవాళ్ళకి మంచిదనే బియ్యం వండి పెట్టవచ్చునా అని ఆమె ప్రశ్న. రేపల్లె సోదరికి చేపలకి కరువు లేదు. ఏ చేప పెట్టాలో, ఏది పెట్టకూడదో చెప్పమన్నారు.

నేను పశువైద్యురాలిని కాను. వైద్యులు చెప్పేదాన్ని మన వంటింటి భాషలోకి మార్చి చెప్పడమే నా పని. మీ పిల్లి సంగతి దాన్ని చూసే డాక్టరుగారికే బాగా తెలుసు. నేను చెప్పేది ఆయన్ని ఏమడగాలో, ఇంట్లో ఏం చూసుకోవాలో తెలియడానికి పనికొస్తుంది.

ముందు షుగరు సంగతి చూద్దాం. పిల్లులకు వచ్చే షుగరు చాలావరకు పెద్దవయసులో మనుషులకు వచ్చేదాన్నే పోలి ఉంటుంది. ఒళ్ళు పెరిగి, ఇల్లు కదలక, వయసు మీరిన పిల్లులకు, అందులోనూ మగవాటికి ఎక్కువ. స్టెరాయిడ్ మందులు వాడినందువల్ల వచ్చేదీ ఉంది. గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగుతుంది, పదేపదే మూత్రానికి వెళుతుంది, బాగా తింటూనే చిక్కిపోతుంది. కొన్ని వెనక కాళ్ళ మడమలు నేలకానించి నడుస్తాయి. త్వరగా గుర్తించి ఇన్సులిన్ ఇస్తూ, పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, చాలా పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుంది. నాలుగు వారాలు సూది లేకుండా షుగరు మామూలుగా నిలిస్తే డాక్టర్లు దాన్ని 'రెమిషన్' అంటారు. మన మాటలో చెప్పాలంటే వాన తెరపి ఇచ్చిందన్నమాట. తెరపి ఇచ్చినంత మాత్రాన మబ్బు పోయినట్టు కాదు గదా. తెరపి దొరికిన పిల్లుల్లో సుమారు నాలుగింట ఒకదానికి షుగరు తిరగబెట్టిందని పరిశోధకులు చెబుతున్నారు. అంచేత సూది ఆగింది గదా అని పాత తిండికి వెళ్ళిపోవడానికి వీల్లేదు.

ఇక కిడ్నీలు. ముసలి పిల్లుల్లో ఇది బహు సాధారణమైన జబ్బు. మూడింట రెండు వంతులు పాడైతేగానీ మూత్రం పలచబడదు. నాలుగింట మూడు వంతులు పోతేగానీ రక్తంలో క్రియాటినిన్ పెరగదు. అంటే మనకు తెలిసేసరికే చాలాభాగం పోయి ఉంటుంది. క్రియాటినిన్ 1.6 లోపుంటే మొదటి దశ, 2.8 దాకా రెండోది, 5 దాకా మూడోది, ఆపైన నాలుగోది. తెనాలి పిల్లిది రెండో దశ. అయితే ఒక హెచ్చరిక. బాగా చిక్కిపోయి కండ కరిగిన పిల్లికి క్రియాటినిన్ ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది. అంచేత అంకె ఒక్కటే చూసి మురిసిపోకూడదు, బరువు కూడా చూడాలి.

కిడ్నీ పథ్యంలో అన్నిటికంటె ముఖ్యమైనది భాస్వరం. దెబ్బతిన్న కిడ్నీ భాస్వరాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుని మిగిలిన కిడ్నీని కూడా తినేస్తుంది. రెండో దశలో రక్తంలో భాస్వరం 4.6 దాటకుండా చూడాలంటారు, మూడో దశలో 5 దాటకుండా. 2000లో ఇంగ్లండు పశువైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, భాస్వరం, మాంసకృత్తులు తగ్గించిన కిడ్నీ ఆహారం తిన్న పిల్లులు సుమారు 633 రోజులు బతికాయి. అది తినకుండా మామూలు తిండి తిన్నవి సుమారు 264 రోజులు. తేడా ఏడాదికి పైమాటే. పిల్లి ఆయుష్షులో ఏడాదంటే మనకు అయిదారేళ్ళతో సమానం. పథ్యం చోద్యం అనే ఇంటివారికి ఈ రెండు అంకెలూ చదివి వినిపించండి.

మరి చిక్కెక్కడ వచ్చింది? షుగరు పథ్యం పిండిపదార్థాలు తగ్గించి మాంసకృత్తులు పెంచమంటుంది. మాంసం ఎక్కువైతే భాస్వరం ఎక్కువవుతుంది. కిడ్నీ పథ్యం భాస్వరం తగ్గించమంటుంది. మాంసం తగ్గిన చోటు నింపడానికి కిడ్నీ ఆహారంలో పిండీ, కొవ్వూ వేస్తారు. పిండి పెరిగితే షుగరు తిరగబెడుతుందేమోనని భయం. ఇటు చూస్తే నుయ్యి, అటు చూస్తే గొయ్యి. తెనాలి సోదరికి రెండు రకాల మాట వినబడిందంటే డాక్టర్ల పొరపాటు కాదు. ఏ జబ్బు వైపు నుంచి చూస్తే ఆ మాట నిజమే.

ఇలాంటప్పుడు ఎవరి మాట ముందు వినాలి? ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. షుగరు తిరగబెడితే దానికి ఇన్సులిన్ ఉంది. మళ్ళీ సూది వేసుకోవచ్చు. పోయిన కిడ్నీ భాగం మాత్రం తిరిగి రాదు. అంచేత రెండూ పోటీ పడితే కిడ్నీదే పైచేయి. భాస్వరం తగ్గించడం ముందు, ఆ హద్దులో ఉంటూ పిండిని వీలైనంత తగ్గించడం తరవాత. పశువైద్య మార్గదర్శకాలు కూడా షుగరుతోపాటు ఇంకో పెద్ద జబ్బుంటే ఆ జబ్బుకు తగిన తిండికే ముందు చోటివ్వమంటున్నాయి. కిడ్నీ ఆహారం రెండో దశనుంచే మొదలుపెట్టమని సలహా. మొదటి దశలో ఉండి, రక్తంలో భాస్వరం మామూలుగా ఉన్న పిల్లికి మాత్రం, షుగరు పథ్యంలోనే భాస్వరం తక్కువున్న తడి ఆహారం ఎంచుకుని డాక్టరుగారు కొంతకాలం చూడవచ్చు.

'తడి ఆహారం' అన్నాను. దాని గురించి కాస్త చెప్పాలి. బజారులో దొరికే తయారీ ఆహారం రెండు రకాలు. పెంకుల్లా గట్టిగా ఉండే పొడి గుళికలు ఒకటి, సంచీల్లోనూ డబ్బాల్లోనూ వచ్చే మెత్తటిది ఒకటి. పిండి ఎంతుందో అట్టమీద సాధారణంగా రాయరు. మనమే లెక్క కట్టుకోవాలి. అట్టమీద ఉన్న మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద, తేమ కలిపి నూరులోంచి తీసేస్తే మిగిలేది పిండి. ఉదాహరణకి తడి సంచీమీద వరసగా 9, 5, 1, 2, 80 అని ఉందనుకోండి. మొత్తం 97. మిగిలిన 3 పిండి. దాన్ని కెలోరీల్లోకి మారిస్తే నూటికి పదమూడు వంతులు. అదే పొడి గుళికల అట్టమీద 30, 12, 3, 7, 10 అని ఉంటే మొత్తం 62, పిండి 38. కెలోరీల్లో నూటికి నలభై వంతులు! షుగరు పిల్లికి ఉండవలసింది నూటికి పన్నెండుకు మించకుండా. అందుకని కిడ్నీ ఆహారం కొన్నా, అందులో తడిదే కొనాలి. రెండు మూడు రకాలు దొరికితే లెక్క కట్టి పిండి తక్కువున్నది తీసుకోవాలి. తడిదాంట్లో నూటికి ఎనభై వంతులు నీరే గనక కిడ్నీకి అదొక మేలు కూడా.

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. నాలుగు కిలోల ముసలి పిల్లికి రోజుకు సుమారు 200 కెలోరీలు చాలు. అందులో పన్నెండు వంతులంటే 24 కెలోరీలు, అంటే ఆరు గ్రాముల పిండి. భాస్వరం 200 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. మాంసకృత్తులు కిలో బరువుకు అయిదు గ్రాముల లెక్కన ఇరవై గ్రాములు. ఈ అంకెలు గోడమీద రాసి పెట్టుకోండి. ఏ గిన్నెనైనా వీటితో తూచవచ్చు.

మొదట పాలు. ఒక చిన్న గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల గేదె పాలు తీసుకుందాం. అందులో పది గ్రాముల పాలచక్కెర. మనకున్న హద్దు ఆరు. భాస్వరం 200 మిల్లీగ్రాములు దాటింది, రోజు మొత్తానికి సరిపడేంత. కెలోరీలు కూడా సుమారు 200. అంటే ఒక్క గ్లాసు పాలతో రోజు తిండి అయిపోయింది, రెండు పథ్యాలూ చెడ్డాయి, మాంసకృత్తులు సగమైనా రాలేదు. పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలచక్కెర అరగదు, విరేచనాలవుతాయి. పెరుగైతే చక్కెర కొంచెం తగ్గుతుంది, భాస్వరం తగ్గదు. రామలింగడి పిల్లి తెలియక చేసినా మంచిపనే చేసింది.

తరవాత అన్నం. బాపట్ల సోదరి అడిగిన బియ్యం సంగతి నాకు తెలుసు. బాపట్ల పరిశోధనా క్షేత్రం బి.పి.టి. 5204 అనే సాంబమసూరిని 1986లో రైతులకిచ్చింది. ఈనాటికీ మన కంచాల్లో సన్నన్నమంటే అదే. 2008లో హైదరాబాదులోని వరి పరిశోధకులూ, సి.సి.ఎం.బి. వారూ కలిసి ఎండాకు తెగులు తట్టుకునేలా దాన్నే మెరుగుపరిచారు. ఆ మెరుగైన రకం అన్నం రక్తంలోకి చక్కెరను నెమ్మదిగా వదులుతుందని షుగరున్న మనుషులకు సిఫారసు చేస్తున్నారు. మనుషులకు మంచిదే. పిల్లి సంగతి వేరు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని లాలాజలంలో పిండిని అరిగించే రసం ఉండదు. ఎక్కువ చక్కెర ఒక్కసారి వచ్చిపడితే దాన్ని సర్దుకునే శక్తి దాని కాలేయానికి తక్కువ. ఏ బియ్యమైనా వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండి ఉంటుంది. మన ఆరు గ్రాముల హద్దుకు సరిపోయేది ఇరవై గ్రాముల అన్నం, అంటే ఒక పెద్ద చెంచాడు, అదీ రోజు మొత్తానికి. కిడ్నీ ఆహారంలో ఎలాగూ కొంత పిండి ఉంటుంది గనక ఆ చెంచాడు కూడా వేయకపోవడమే మేలు.

"మా పిల్లి పెరుగన్నం ఆవురావురుమని తింటుంది, పాయసం గిన్నె నాకేస్తుంది" అంటారేమో. తీపి కోసం మాత్రం కాదు. పిల్లికి తీపి రుచి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు పిల్లిజాతిలో చెడిపోయిందని అమెరికాలో ఫిలడెల్ఫియా శాస్త్రజ్ఞులు 2005లో కనిపెట్టారు. అది నాకేది పాలకొవ్వు కోసం. అంచేత "పాపం, తీపి మాన్పించేశాం" అని మీరు బాధపడనక్కరలేదు.

ఇక రేపల్లె సోదరి చేపలు. నిజాంపట్నం రేవు పక్కనే ఉన్నవారికి చేపలు పెట్టవద్దంటే నమ్మరు. పెట్టవచ్చు, కానీ కొన్ని నియమాలున్నాయి. పచ్చిచేప పెట్టకండి. కొన్ని చేపల్లో థయామిన్ అనే బి విటమినును పాడుచేసే పదార్థం ఉంటుంది. పచ్చివే అదేపనిగా తిన్న పిల్లికి తల వాలిపోవడం, మూర్ఛలు రావడం జరుగుతుంది. ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది. రెండోది, ముళ్ళు. భాస్వరం ముళ్ళలోనూ, తలకాయలోనూ ఉంటుంది. ముళ్ళతో సహా నమిలే నెత్తళ్ళు, కవ్వళ్ళు కిడ్నీ పిల్లికి పనికిరావు. ఎండుచేపలూ, ఎండురొయ్యలూ అసలే కూడదు. నీరు పోయి అన్నీ చిక్కబడతాయి గనక భాస్వరం చెప్పలేనంత, ఉప్పు అంతకంటె. కండగల చేపముక్క, ముల్లు తీసి, ఉప్పూ కారం లేకుండా నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి పెట్టాలి. ఉడికిన నీటితో కొంత భాస్వరం పోతుంది. అదీ రోజూ వద్దు. వారానికి ఒకటి రెండుసార్లు, కిడ్నీ ఆహారం మీద వాసన కోసం చెంచాడు వేయండి చాలు. 

చేపల పులుసులో ముక్క కడిగి పెడతామంటే అదీ కుదరదు. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఆ రెండూ పిల్లి ఎర్రకణాలను బద్దలు చేస్తాయి. కొత్త రక్తం తయారు చెయ్యమని శరీరానికి చెప్పేది కిడ్నీయే గనక, కిడ్నీ పిల్లికి ముందే రక్తం తక్కువ. ఉన్న రక్తం కూడా పోగొట్టుకుంటే ఇంకేముంది?

కోడిమాంసం, కాలేయం గురించి కూడా అడుగుతారు. ఎముక లేని ఉడికిన కోడిమాంసంలో వంద గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాముల భాస్వరం. కాలేయంలో దానికి రెట్టింపు. అంచేత కాలేయం మానేయాలి. కోడిగుడ్డు తెల్లసొన మాత్రం దేవుడిచ్చిన వరం అనుకోండి. ఒక గుడ్డు తెల్లసొనలో మూడున్నర గ్రాముల మాంసకృత్తులుంటే భాస్వరం అయిదు మిల్లీగ్రాములే. పచ్చసొనలో 65. కిడ్నీ ఆహారం తింటూ చిక్కిపోతున్న పిల్లికి ఉడికిన తెల్లసొన చిదిమి కలిపితే భాస్వరం పెరగకుండా కండ నిలబడుతుంది. పచ్చి తెల్లసొన మాత్రం వద్దు, అది బయోటిన్ అనే విటమినును పట్టేసుకుంటుంది.

ఇవన్నీ విని, "అయితే కోడిమాంసం, తెల్లసొన కలిపి ఇంట్లోనే వండి పెట్టేద్దాం" అనుకోకండి. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే రావాలి. అది చాలకపోతే చూపు పోతుందని 1975లో, గుండె కండరం సాగిపోతుందని 1987లో తేలింది. మాంసం ఉడికించి నీళ్ళు పారబోస్తే భాస్వరంతోపాటు టారిన్ కూడా పోతుంది. ఎముకలు తీసేస్తే సున్నం తక్కువవుతుంది. ఎముకల పొడి కలుపుదామంటే అందులో మళ్ళీ భాస్వరం. పూర్తిగా ఇంటి వంటే పెట్టదలుచుకుంటే ఏది ఎంత కలపాలో పశువైద్యుల చేత రాయించుకుని, తక్కెడతో తూచి చెయ్యాలి. లేదంటే కిడ్నీ ఆహారం ముఖ్యం, ఇంటి వంట నంచుకోవడానికి. 

తెనాలి సోదరి ఇబ్బంది నాకు అర్థమైంది. మడీ ఆచారం మనవి, వాటిని పిల్లికి అంటగట్టలేం. శాకాహారంతో పిల్లి ఆరోగ్యంగా బతకదు. నీచు వండనక్కరలేకుండా కత్తెరతో కత్తిరించి గిన్నెలో వేసే తడి సంచీలు మీలాంటి ఇళ్ళకే వచ్చినట్టున్నాయి. పెరటి వసారాలో ఒక మూల దాని గిన్నె, దాని చెంచా, దాని పీచు వేరుగా పెట్టుకోండి. తెల్లసొన కావాలంటే పక్కింటివారు ఉడికించి ఇస్తారు. వంటింటి గడప దాటి ఏదీ లోపలికి రానక్కరలేదు. అత్తగారి మనసూ నొచ్చుకోదు.

తిండి మార్చడంలో తొందర కూడదు. పాతదాంట్లో పదోవంతు కొత్తది కలపడంతో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు పూర్తిగా మార్చండి. పిల్లికి ఒంట్లో బాగాలేని రోజుల్లో కొత్త తిండి పరిచయం చెయ్యకండి, ఆ వాసన తగిలితే ఇక జన్మలో ముట్టదు. గోరువెచ్చగా పెడితే వాసన బాగా వచ్చి తింటుంది. ఒకేసారి కాక నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. తిండితో భాస్వరం తగ్గకపోతే దాన్ని కడుపులోనే పట్టి ఉంచే పొడిమందులున్నాయి. డాక్టరుగారు రాస్తే వాటిని తప్పకుండా తిండిలోనే కలపాలి. విడిగా ఇస్తే ప్రయోజనం ఉండదు.

నీళ్ళ మాట. మనుషుల్లో కిడ్నీ జబ్బు ముదిరిన కొందరికి నీళ్ళు కొలత ప్రకారం తాగమని చెబుతారు. ఆ మాట విన్నవారు పిల్లికి కూడా నీళ్ళ గిన్నె తీసేస్తున్నారు. ఎంతమాత్రం చెయ్యకండి. పిల్లి కిడ్నీ నీటిని ఆపలేకపోతోంది గనక పోయినంతా తిరిగి తాగాలి. మన కోస్తా ఎండల్లో, రోహిణీకార్తెలో, ఒక్క పూట నీళ్ళు లేకపోతే జబ్బు ఒక దశ ముందుకి దూకవచ్చు. ఇంట్లో మూడు నాలుగు చోట్ల వెడల్పాటి మూకుళ్ళలో నీళ్ళు పెట్టి, రోజూ మార్చండి.

ఇప్పుడు అతి ముఖ్యమైన ప్రశ్న. తెరపి నిలిచిందో, మబ్బు కమ్మిందో ఎలా తెలుస్తుంది? షుగరు తిరగబెట్టినా నీళ్ళు ఎక్కువ తాగుతుంది, చిక్కిపోతుంది. కిడ్నీ ముదిరినా అంతే. చూపుకి రెండూ ఒకటే. తేడా చెప్పేది మందుల షాపులో దొరికే మూత్రపరీక్ష కాగితం. ట్రేలో మామూలు మట్టికి బదులు కడిగి ఆరబెట్టిన నున్నటి చిన్న గులకరాళ్ళు పోస్తే మూత్రం అడుగున నిలుస్తుంది. కాగితం ముంచి చూడండి. చక్కెర కనిపిస్తే షుగరు వచ్చినట్టే, ఆలస్యం చెయ్యకండి. చక్కెర లేకుండా దాహం పెరిగితే కిడ్నీని గాని, థైరాయిడ్‌ని గాని అనుమానించాలి.

అయితే రక్తంలో చక్కెర సుమారు 250 దాటితేగానీ మూత్రంలోకి దిగదు. అంచేత నెలకొకసారి, తిండి మార్చిన తరవాత వారానికొకసారి, చెవి అంచున చిన్న చుక్క రక్తం తీసి ఇంట్లో మిషనుతో చూడటం మంచిది. ఎలా తీయాలో డాక్టరుగారు ఒక్కసారి చూపిస్తే వచ్చేస్తుంది. మనుషుల మిషను పిల్లి రక్తంలో చక్కెరను అసలుకంటె కాస్త తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి. మళ్ళీ మళ్ళీ 180 దాటుతుంటే డాక్టరుగారికి కబురు చెయ్యండి. ఆస్పత్రిలో చూస్తే ఒక్కోసారి మూడువందలు కూడా రావచ్చు. అది భయం వల్ల. బస్సులో వచ్చి, కుక్కల మధ్య కూర్చున్న పిల్లికి చక్కెర పెరగక ఏమవుతుంది? అలాంటప్పుడు 'ఫ్రక్టోజమిన్' అనే పరీక్ష చేయిస్తే గడిచిన రెండు వారాల సగటు తెలుస్తుంది.

ప్రతి ఆదివారం పిల్లిని తూచండి. మీరొక్కరే తూగి, తరవాత పిల్లిని ఎత్తుకుని తూగి, తేడా చూస్తే సరి. చిన్న తేడాలు తెలియాలంటే పచారీ కొట్టు తక్కెడ ఇంకా మంచిది. నాలుగు కిలోల పిల్లి నాలుగు వందల గ్రాములు తగ్గిందంటే మన మనిషి పదోవంతు తగ్గినట్టు. ఊరుకోకూడదు. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, బరువు, కాగితం రంగు, తిండి, నీళ్ళు రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకమే సగం వైద్యం.

మూడు ప్రమాదాలు చెప్పి ముగిస్తాను. ఒకటి, ఫ్రిజ్‌లో మిగిలిపోయిన ఇన్సులిన్. షుగరు కాస్త ఎక్కువ కనిపించగానే మీ అంతట మీరు సూది వేయకండి. చక్కెర పడిపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. రెండు, మందులు. జ్వరమని, నొప్పులని మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ పిల్లికి విషం. చర్మం దురదకని స్టెరాయిడ్ సూది వేస్తే ఆగిన షుగరు మళ్ళీ మొదలవుతుంది. ఎక్కడికి తీసుకెళ్ళినా "దీనికి ఇదివరకు షుగరు ఉండేది, ఇప్పుడు కిడ్నీ జబ్బు ఉంది" అనే మాట ముందు చెప్పండి. మూడు, ఉపవాసం. నచ్చని పథ్యం పెట్టి "ఆకలైతే అదే తింటుంది" అని పంతం పట్టకండి. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయంలోకి కొవ్వు చేరి అదే ప్రాణాంతకమవుతుంది. ఒక రోజు ముట్టకపోతే ఫోను చెయ్యండి, రెండో రోజుకి డాక్టరు దగ్గరుండాలి. పిల్లి తినని మంచి తిండికంటె తినే మామూలు తిండి నయం. ఏదీ తినని రోజున కాస్త చేపా, కోడీ ఏది ముడితే అది పెట్టండి. లెక్కలు మర్నాడు చూసుకోవచ్చు.

ఊళ్ళోని పశువుల ఆస్పత్రిలో ఈ పరీక్షలన్నీ జరగకపోతే గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. పిల్లిని మూత ఉన్న బుట్టలో, కింద దాని పాత గుడ్డ పరిచి తీసుకెళ్ళండి. కాగితాలతోపాటు నోటుపుస్తకం మరవకండి. క్రియాటినిన్, భాస్వరం, పొటాషియం, రక్తపోటు నాలుగూ అడిగి రాయించుకోండి. మూడు నాలుగు నెలలకొకసారి మళ్ళీ చూపించండి.

పదమూడేళ్ళు ఇంట్లో మనిషిలా తిరిగిన ప్రాణికి నోరు లేదు. ఏది పడుతుందో, ఏది పడదో మనకు చెప్పలేదు. దాని తరఫున లెక్కలు కట్టేది, తూచేది, రాసి పెట్టుకునేది ఇంటి ఇల్లాలే. పిల్లలకూ పెద్దలకూ పథ్యం చేసిపెట్టిన చేతులకు ఇదేం కొత్త విద్య కాదు. తెనాలి అత్తగారి పక్కన ఆ పిల్లి ఇంకా చాలా రాత్రులు హాయిగా నిద్రపోవాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటాను.

నమస్కారం.